రాడార్‌లో మా ఏరియా అంతా ఎరుపు, బయట చుక్క వాన లేదు. ఇదెలా?

వేలచేరి_వాసి | రాత్రి 7:48

ఈశాన్య రుతుపవనాలు వస్తున్నాయంటే, వానకు నీళ్ళలో మునిగే మా వేలచేరి వాళ్ళ టెన్షన్ మీకు తెలిసిందే. మధ్యాహ్నమే కారు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టేసి వచ్చాను. సాయంత్రం నుంచి వాతావరణ శాఖ సైట్‌లో చెన్నై రాడార్ బొమ్మ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నా. సరిగ్గా మా నెత్తి మీద ఎర్రటి ముద్ద కనిపిస్తోంది. బాల్కనీలోకి వెళ్తే ఆరేసిన బట్టలు పొడిగా ఉన్నాయి.

రాడార్ తప్పా, నేను చూడటం తప్పా? అసలు అంత దూరంలో వాన ఉందో లేదో ఒక యంత్రానికి ఎలా తెలుస్తుంది? నాది కామర్స్, ఆ లెక్కలో చెప్పండి.

---

పెరంబూర్_అక్క | రాత్రి 7:55

మాది రివర్స్ కేసు. మొన్న బొమ్మలో మా మీద ఏమీ లేదు, బయట మాత్రం కుండపోత. మెట్లు దిగేసరికి స్కూటీ సైలెన్సర్ మునిగింది. ఇద్దరికీ కలిపి సమాధానం చెప్పేవాళ్ళుంటే చెప్పండి, చదువుతా.

---

బ్యాక్‌లాగ్_బాబు | రాత్రి 8:01

నేను ఈసీఈ థర్డ్ ఇయర్. రేడియో తరంగం పంపిస్తారు, అది తగిలి వెనక్కి వస్తుంది, టైం చూసి దూరం లెక్క కడతారు. అంతే అన్నా. బావిలోకి కేక వేస్తే తిరిగి వినపడినట్టు.

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 8:26

బాబూ, బావి ఉదాహరణ అందరూ చెప్తారు. అక్కడే ఆగిపోతే అసలు కష్టం ఎక్కడుందో కనపడదు. ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతుంది కాబట్టి కేక తిరిగి రావడం చెవికి తెలుస్తుంది. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కి.మీ. పోతుంది. నేను వైమానిక దళంలో రాడార్ మెయింటెనెన్స్‌లో పనిచేశాను. మాకు మొదటి రోజు నేర్పిన లెక్క ఒక్కటే: మైక్రోసెకనుకు 150 మీటర్లు. సెకనులో పది లక్షల వంతు కాలంలో తరంగం 300 మీటర్లు వెళ్తుంది. పోవడం, రావడం రెండూ అందులోనే కాబట్టి వస్తువు దూరం అందులో సగం.

వేలచేరి గారికి మన ఊరి లెక్కలోనే చెప్తా. మీరు చూసే బొమ్మ హార్బర్‌లో, పోర్టు వాళ్ళ సెంటినరీ బిల్డింగ్ మీద ఉన్న డాప్లర్ రాడార్‌ది. 2002 నుంచి ఉంది అది. అక్కడి నుంచి మీ ఇంటికి నేరుగా ఓ 15 కి.మీ. అనుకోండి. పల్స్, అంటే రాడార్ వదిలే చిన్న తరంగపు తునక, బయల్దేరి, మీ మీది మబ్బులో చినుకులకు తగిలి, వెనక్కి రావడానికి పట్టేది సెకనులో పదివేల వంతు. ఈ చిన్న కాలాన్ని తప్పు లేకుండా కొలవగలిగిన రోజే రాడార్ పుట్టింది. తరంగాలు లోహానికి తగిలి వెనక్కి మళ్ళుతాయన్న సంగతి 1880లలో హెర్ట్జ్ ప్రయోగాలతోనే తెలుసు.

ఇంకొకటి. రాడార్ ఎప్పుడూ "పంపిస్తూ" ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని బతుకంతా వినడమే. మైక్రోసెకను పాటు పల్స్ వదిలి, ఆ తర్వాత దాదాపు వెయ్యి మైక్రోసెకన్లు చెవులు రిక్కించి ఉంటుంది. మళ్ళీ పల్స్, మళ్ళీ మౌనం. సెకనుకు వెయ్యి పల్స్‌లు అయితే ఒక్కో విరామం మిల్లీసెకను, అంటే 150 కి.మీ. అంతకన్నా దూరం నుంచి వచ్చే ఎకో (తగిలి తిరిగొచ్చే తరంగం) తర్వాతి పల్స్ బయల్దేరాక వచ్చి, దగ్గరి వస్తువులాగా దొంగ వేషం వేస్తుంది. ఇంకా దూరం చూడాలంటే పల్స్‌లు తగ్గించుకోవాలి. సెకనుకు 600 చేస్తే 250 కి.మీ. వస్తుంది.

మీ ఎరుపు సంగతి భోజనం చేసి వచ్చి రాస్తా.

---

వేలచేరి_వాసి | రాత్రి 8:31

సార్, సమయంతో దూరం తెలిసింది. మరి దిక్కు ఎలా తెలుస్తుంది?

---

బ్యాక్‌లాగ్_బాబు | రాత్రి 8:37

అది నేను చెప్తా. డిష్ ఆంటెన్నా శక్తినంతా ఒక సన్నటి కిరణంలాగా ఒకే వైపు పంపుతుంది. డిష్ తిరుగుతూ ఉంటుంది. ఎకో వచ్చిన క్షణంలో డిష్ ఎటు చూస్తోందో అదే దిక్కు. కిరణం వెడల్పు తరంగదైర్ఘ్యం మీద, డిష్ సైజు మీద ఆధారపడుతుంది. హార్బర్ రాడార్ ఎస్-బ్యాండ్, సుమారు 10 సెం.మీ. తరంగం. 1 డిగ్రీ కిరణం కావాలంటే 7, 8 మీటర్ల డిష్ ఉండాలి. పళ్ళికరణైలో ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) క్యాంపస్‌లో ఉన్నది ఎక్స్-బ్యాండ్, 3 సెం.మీ. దానికి అందులో మూడో వంతు డిష్ సరిపోతుంది.

1 డిగ్రీ అంటే సన్నగానే అనిపిస్తుంది కానీ 60 కి.మీ. దూరంలో దాని వెడల్పు 1 కి.మీ. అవుతుంది. 200 కి.మీ. దగ్గర మూడున్నర కి.మీ. దూరం పోయేకొద్దీ బొమ్మ మొద్దుబారేది ఇందుకే.

---

గూడూరు_పాసింజర్ | రాత్రి 8:44

రోజూ ఆఫీసుకి ట్రైన్‌లో చెన్నై వచ్చి పోయేవాణ్ణి. రాడార్ అనగానే మా వైపు వాళ్ళకి శ్రీహరికోటే గుర్తొస్తుంది. అక్కడ రాకెట్‌ను వెంబడించే రాడార్లు వేరే, వాతావరణానికి డాప్లర్ రాడార్ వేరే ఉంది. సూళ్ళూరుపేట, నాయుడుపేట వాళ్ళు చెన్నై బొమ్మ కన్నా శ్రీహరికోట బొమ్మ చూసుకోవడం మేలు. దగ్గరి రాడార్‌ని నమ్ముకోవాలనే ఒక్క ముక్క నాకు తెలుసు, ఎందుకో తెలీదు. రిటైర్డ్ సార్ చెప్తారని చూస్తున్నా.

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 9:20

వచ్చా. వేలచేరి గారూ, మీ బొమ్మ పైన ఏ పేరుంది? మాక్స్-జడ్ అనా?

---

వేలచేరి_వాసి | రాత్రి 9:22

అవును సార్. మొదట అదే ఓపెన్ అవుతుంది. అందరూ వాట్సాప్‌లో పంపేదీ అదే.

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 9:51

సగం సమాధానం అక్కడే ఉంది. డిష్ ఒక చుట్టు తిరిగాక కొంచెం పైకెత్తి మళ్ళీ తిరుగుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. అలా ఆకాశాన్ని అంతస్తులుగా కోస్తుంది. మాక్స్-జడ్ అంటే ఒక ప్రదేశం మీద కింది నుంచి పై దాకా ఏ ఎత్తులో బలమైన ఎకో వస్తే ఆ రంగు వేసేస్తారు. మీ మీద 5 కి.మీ. ఎత్తులో ముద్ద ఉన్నా ఎరుపే, మీ బాల్కనీ దగ్గర ఉన్నా ఎరుపే. మీరు చూస్తున్నది మబ్బు కండ, మీ నేల మీద పడే నీళ్ళు కాదు.

ఆ 5 కి.మీ. ఎత్తుకి ఇంకో తిరకాసు ఉంది. మన వాతావరణంలో మంచు కరిగి నీరయ్యేది దాదాపు ఆ ఎత్తులోనే. మంచు పలుకు మీద నీటి పొర చేరగానే అది రాడార్‌కి పెద్ద చినుకులాగా మెరుస్తుంది. వాన మామూలుగానే ఉన్నా అక్కడ ఒక ప్రకాశవంతమైన పట్టీ కనపడుతుంది. మాక్స్-జడ్ దాన్నే పట్టుకుంటుంది.

చినుకు సైజు సంగతి కూడా వినండి. ఎకో బలం చినుకు వ్యాసం ఆరో ఘాతం ప్రకారం పెరుగుతుంది. 4 మి.మీ. చినుకు ఒక్కటి, 1 మి.మీ. చినుకులు 4096 కలిసి ఇచ్చినంత ఎకో ఇస్తుంది. అందులో నీళ్ళు మాత్రం 64 చిన్న చినుకులంతే. కాబట్టి పెద్ద చినుకులు నాలుగు ఉన్నా రాడార్ ఎర్రబడుతుంది, సన్న చినుకులు లక్షలున్నా పచ్చగానే ఉంటుంది. బొమ్మ కింద చూపించే డీబీజడ్ స్కేలు, అంటే ఎకో బలం కొలత, కూడా మెట్లు మెట్లుగా గుణించుకుంటూ పోతుంది. 20కీ 50కీ తేడా వెయ్యి రెట్లు.

ఇక గాలి. 4 కి.మీ. ఎత్తు నుంచి చినుకు దిగడానికి పది నిమిషాలు పట్టిందనుకోండి. గాలి సెకనుకు 10 మీటర్లు ఉంటే ఈలోగా అది 6 కి.మీ. పక్కకి పోతుంది. ఈశాన్య గాలికి మీ ఎరుపు పల్లావరం వాళ్ళ ఖాతాలో పడుతుంది. కొంత దారిలోనే పొడిగాలికి ఆవిరైపోతుంది. బొమ్మ తయారయ్యి సైట్‌లోకి వచ్చేసరికి పది నిమిషాల పాతది కూడా అవుతుంది. ఆ మూలన రాసిన సమయం యూటీసీలో (గ్రీనిచ్ సమయంలో) ఉంటే ఐదున్నర గంటలు కలుపుకోవడం మర్చిపోకండి. జనం అక్కడ బోల్తా పడి "పాత బొమ్మ పెట్టారు" అని వాతావరణ శాఖని తిడుతుంటారు.

మీరు చూడాల్సింది రెండు: అన్నిటికన్నా తక్కువ కోణంలో తీసిన పీపీఐ (డిష్‌ని ఒకే కోణంలో ఉంచి ఒక చుట్టు తిప్పి తీసిన బొమ్మ), తర్వాత ఎస్ఆర్ఐ. రెండోది నేల దగ్గర గంటకు ఎన్ని మి.మీ. పడుతుందో అంచనా. అంచనాయే సుమా. రాడార్ కొలిచేది ఎకో బలాన్ని, వానగా మార్చేది సూత్రం.

---

పెరంబూర్_అక్క | రాత్రి 9:58

మా కేసు మిగిలిపోయింది సార్.

---

బ్యాక్‌లాగ్_బాబు | రాత్రి 10:06

అక్కా, మీరు చూసింది పళ్ళికరణై ఎక్స్-బ్యాండ్ బొమ్మా? అయితే అది అటెన్యుయేషన్. 3 సెం.మీ. తరంగం గట్టి వానలోంచి పోయేటప్పుడు అందులోనే చాలా భాగం ఖర్చయిపోతుంది. పళ్ళికరణైకీ పెరంబూర్‌కీ మధ్య ఒక పెద్ద వాన తెర పడితే దాని వెనక ఏముందో రాడార్‌కి అందదు. మీ వాన దాని నీడలో దాక్కుంది. 10 సెం.మీ. తరంగానికి ఈ గోల చాలా తక్కువ. తుఫానుల తీరంలో పెద్ద డిష్, పెద్ద ఖర్చు అయినా ఎస్-బ్యాండ్ పెట్టేది అందుకే.

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 10:19

బాబు బాగా చెప్పాడు. గూడూరు గారి "దగ్గరి రాడార్" ముక్కకి కారణం ఇది: కిరణం నేరుగా పోతుంది, భూమి మాత్రం కిందికి వంగిపోతుంది. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం 100 కి.మీ. దగ్గర దాదాపు ఒకటిన్నర కి.మీ. ఎత్తులో ఉంటుంది. 250 కి.మీ. దగ్గర దాదాపు 6 కి.మీ. ఎత్తులో. అక్కడ కింద ఎంత వాన కురిసినా కిరణం దాని నెత్తి మీంచి పోతుంది. అందుకే మచిలీపట్నానికి ఒకటి, విశాఖకి ఒకటి, శ్రీహరికోటకి ఒకటి. ఒక్క రాడార్‌తో తీరమంతా చూసే పని అయ్యేది కాదు.

విమానాలకీ ఇదే కథ. 50 మీటర్ల ఎత్తులో రాడార్ ఉంటే, 10 కి.మీ. ఎత్తున పోయే విమానం 400 కి.మీ. దాటాక కూడా దృష్టి రేఖలోనే ఉంటుంది. 100 మీటర్ల ఎత్తులో వచ్చేది 70 కి.మీ. లోపలికి వస్తే గానీ తెలియదు. తక్కువ ఎత్తులో దూసుకొచ్చే విమానాల భయం దీని వల్లే. విమానం వీపు మీద రాడార్ పెట్టి పైకి తీసుకెళ్ళేదీ దీనికే.

---

మిలిటరీ_మోహం | రాత్రి 10:24

ఈ లెక్కలన్నీ మామూలు విమానాలకి. స్టెల్త్ విమానం, అంటే రాడార్‌కి దొరక్కుండా కట్టింది, వస్తే ఏ రాడారూ పనిచేయదు. అది జీరో.

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 10:37

జీరో అనేది ఉండదండీ, తగ్గుతుంది. ఎకో బలం దూరం నాలుగో ఘాతం ప్రకారం పడిపోతుంది. పోయేటప్పుడు శక్తి దూరం వర్గం ప్రకారం పలచబడుతుంది, వచ్చేటప్పుడు మళ్ళీ అంతే. అందుకే రాడార్ చూపు రెట్టింపు చేయాలంటే పవర్ 16 రెట్లు పెంచాలి. ఇది మా ఉద్యోగాల్లో పెద్ద తలనొప్పి. కానీ ఇదే సూత్రం స్టెల్త్ తయారుచేసేవాళ్ళకీ తలనొప్పి. విమానం ఇచ్చే ఎకోని పదివేల వంతుకి తగ్గించినా, కనపడే దూరం తగ్గేది పదో వంతుకే. 300 కి.మీ.లో దొరికేది 30 కి.మీ.లో దొరుకుతుంది. యుద్ధంలో ఆ తేడా చాలా పెద్దది, ఒప్పుకుంటా. పైగా ఆ ఆకారాలన్నీ ఎక్కువగా సెంటీమీటర్ల తరంగాలను పక్కకి తిప్పేయడానికి చెక్కినవి. మీటర్ల తరంగాల దగ్గర ఆ ఆట అంత సాగదు.

వానకి మాత్రం నాలుగో ఘాతం వర్తించదు. వాన కిరణం మొత్తాన్ని నింపేస్తుంది. దూరం పెరిగేకొద్దీ కిరణంలో పడే చినుకుల సంఖ్యా పెరుగుతుంది కాబట్టి వర్గం ప్రకారమే తగ్గుతుంది. వాతావరణ రాడార్ వాళ్ళు ఆ మేరకు అదృష్టవంతులు.

---

గూడూరు_పాసింజర్ | రాత్రి 10:41

ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్ యాప్ చూస్తే మీనంబాక్కంలో దిగే ప్రతి విమానం పేరు, ఎత్తు, వేగంతో సహా వస్తుంది. ఎకోలో పేరు కూడా ఉంటుందా?

---

బ్యాక్‌లాగ్_బాబు | రాత్రి 10:50

ఎకోలో పేరు ఉండదు అన్నా, అక్కడేదో ఉందని మాత్రమే తెలుస్తుంది. పేరు చెప్పేది విమానమే. విమానాశ్రయంలో రెండో రకం రాడార్ ఉంటుంది, సెకండరీ అంటారు. అది 1030 మెగాహెర్ట్జ్‌లో ప్రశ్న అడిగితే విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090లో తన కోడ్, ఎత్తు చెప్తుంది. యాప్‌లో మీరు చూసేది చాలావరకు అది కూడా కాదు. విమానం జీపీఎస్‌తో తెలుసుకున్న తన స్థానాన్ని అదే 1090లో ఎవరూ అడక్కుండానే ప్రకటిస్తుంటుంది. ఔత్సాహికులు మేడ మీద చిన్న ఆంటెన్నా పెట్టి దాన్ని విని పంపుతారు.

ట్రాన్స్‌పాండర్ ఆగిపోతే యాప్‌లో విమానం మాయం. 2014 మార్చిలో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్ 370 విషయంలో జరిగింది అదే. తర్వాత అది వెనక్కి తిరిగిన సంగతి మలేసియా సైన్యం ప్రైమరీ రాడార్ (ఎకో మీద నడిచే మొదటి రకం) రికార్డుల్లో బయటపడింది. మాట్లాడని వస్తువుని పట్టేది ప్రైమరీ రాడార్ ఒక్కటే.

---

పాత_మద్రాసు | రాత్రి 11:02

చరిత్ర పిచ్చివాణ్ణి, మధ్యలో దూరుతున్నా. 1904లో హుల్స్‌మేయర్ అనే జర్మన్, రైన్ నది మీద పోయే పడవల్ని రేడియో ఎకోతో పట్టి చూపించాడు. చీకట్లో, పొగమంచులో ఓడలు గుద్దుకోకుండా ఉంటాయని ఆశ. దూరం మాత్రం కొలవలేకపోయేది. జర్మన్ నౌకాదళం అక్కర్లేదంది. సరిగ్గా పదేళ్ళకి, 1914 సెప్టెంబర్ 22 రాత్రి, ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక ఎవరికీ తెలియకుండా మద్రాసు రేవు ముందుకొచ్చి బర్మా ఆయిల్ ట్యాంకుల్ని పేల్చి తగలబెట్టింది. ఆ రాత్రి సముద్రం వైపు చూడటానికి ఈ ఊరికి రాడార్ లాంటిదేమీ లేదు.

హార్బర్ బిల్డింగ్ మీద పెట్టిన డాప్లర్ రాడార్ ఏ దేశం సరుకో తెలుసా? జర్మనీ. తల్చుకుంటే నాకు నవ్వొస్తుంది.

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 11:13

మంచి ముక్క. హుల్స్‌మేయర్‌కి లేనిదే ఆ మైక్రోసెకను గడియారం. 1935 ఫిబ్రవరిలో ఇంగ్లండులో వాట్సన్-వాట్, విల్కిన్స్ డావెంట్రీ దగ్గర బీబీసీ షార్ట్‌వేవ్ ప్రసారాన్నే వాడుకుని ఎగిరే బాంబర్‌ని పట్టారు. అప్పటి నుంచి కథ వేగం అందుకుంది. 1940లో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ చేసిన మాగ్నెట్రాన్ (మైక్రోవేవ్‌లు పుట్టించే గొట్టం) వచ్చాక తరంగం సెంటీమీటర్లకి దిగింది, డిష్ విమానంలో పట్టేంత చిన్నదైంది. మీ వంటింటి మైక్రోవేవ్‌లో ఉన్నది దాని వారసుడే.

---

పెరంబూర్_అక్క | రాత్రి 11:17

వంటింటి మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. హార్బర్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఆ తరంగాలతో ప్రమాదం లేదా?

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 11:25

పల్స్ ఉన్న క్షణంలో పవర్ వందల కిలోవాట్లు. కానీ పైన చెప్పినట్టు, వెయ్యి భాగాల్లో ఒక భాగమే పల్స్. 500 కిలోవాట్ల పల్స్ అయినా సగటు 500 వాట్లే. అదీ పది అంతస్తుల ఎత్తు నుంచి ఆకాశం వైపు, తిరుగుతూ పోతుంది. నడుస్తున్న రాడార్ డిష్ ముందు ఎదురుగా నిలబడటం మాత్రం మాకు నిషేధం. కింద రోడ్డు మీద పోయేవాళ్ళకి భయం లేదు.

---

పాకాల_పొద్దు | రాత్రి 11:31

మా ఊరి పక్కన గాదంకి గురించి ఎవరూ ఎత్తలేదే! తిరుపతి నుంచి చిత్తూరు వైపు పోయేవాళ్ళకి గాదంకి అంటే టోల్‌ప్లాజా. దాని పక్కనే జాతీయ వాతావరణ పరిశోధనాశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌కి డిష్ లేదు, తిరిగేదేమీ లేదు. పొలంలో పాతినట్టు 32 వరసల్లో 32 చొప్పున 1024 యాగీ ఆంటెన్నాలు నిలబెట్టారు. పాత దూరదర్శన్ ఆంటెన్నాల చుట్టాలే. అన్నిటికీ సిగ్నల్ ఇచ్చే క్షణంలో కాస్త తేడా పెడితే కిరణం దానంతట అదే పక్కకి వంగుతుంది. 53 మెగాహెర్ట్జ్, సుమారు ఐదున్నర మీటర్ల తరంగం. అది చూసేది వానని కాదు, వట్టి గాలిని. గాలిలో సుడుల వల్ల కలిగే అతి చిన్న తేడాల నుంచి వచ్చే ఎకోని పడుతుంది.

---

వేలచేరి_వాసి | రాత్రి 11:36

వట్టి గాలి కూడా దొరుకుతుందా! సార్, డాప్లర్ అంటున్నారు కదా, ఆ ఒక్కటీ చెప్పేయండి. పడుకుంటా.

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 11:52

ఎకో వెనక్కి వచ్చేటప్పుడు పౌనఃపున్యం కొంచెం మారుతుంది. వస్తువు మన వైపు వస్తుంటే పెరుగుతుంది, పోతుంటే తగ్గుతుంది. 10 సెం.మీ. తరంగానికి, సెకనుకు 20 మీటర్ల వేగంతో ఎదురొచ్చే చినుకు ఇచ్చే తేడా 400 హెర్ట్జ్. దాదాపు 300 కోట్ల హెర్ట్జ్‌లో 400 అంటే ఎంత సన్నటి తేడానో చూడండి. దీని మొదటి లాభం క్లట్టర్ (బిల్డింగుల లాంటి వాటి నుంచి వచ్చే అక్కర్లేని ఎకో) ఏరివేత. మౌంట్ రోడ్ బిల్డింగులు కదలవు కాబట్టి వాటి ఎకో సున్నా వేగంతో వస్తుంది, తీసేయొచ్చు. రెండో లాభం, తుఫాను గాలి వేగం తెలుస్తుంది. కానీ రాడార్ వైపు వచ్చే వేగం, దూరంగా పోయే వేగం మాత్రమే తెలుస్తాయి. అడ్డంగా పోయే గాలి దానికి నిలబడి ఉన్నట్టే.

చిక్కు కూడా ఉంది. సెకనుకు వెయ్యి పల్స్‌లతో 25 మీటర్ల వేగం దాకే నేరుగా చదవగలం. అది దాటితే అంకె మడత పడి ఎదురు దిక్కు వేగంలా కనపడుతుంది. పల్స్‌లు పెంచితే వేగం సరిగ్గా వస్తుంది, చూపు దూరం తగ్గుతుంది. తగ్గిస్తే దూరం వస్తుంది, వేగం పోతుంది. రెండు రకాల పల్స్ రేట్లు మార్చి మార్చి పంపి, రెండు జవాబులూ కలిపి అసలు వేగం రాబడతారు.

---

బ్యాక్‌లాగ్_బాబు | రాత్రి 11:58

సార్, దీన్ని మినీ ప్రాజెక్ట్ చేయాలనుంది. ఇంట్లో కుదిరేదేమైనా ఉందా? మా గైడ్ "సిమ్యులేషన్ చాలు" అంటున్నారు.

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 12:10

సిమ్యులేషన్‌లో ఏముంది, నిజంది చెయ్యి. రిచీ స్ట్రీట్‌కి, అదే మన ఎలక్ట్రానిక్స్ బజారుకి, వెళ్ళి హెచ్‌బీ 100 అనే చిన్న డాప్లర్ రాడార్ మాడ్యూల్ అడుగు. అరచేతిలో పడుతుంది, సుమారు 10.5 గిగాహెర్ట్జ్. అది పల్స్ రాడార్ కాదు, ఆగకుండా పంపిస్తూనే ఉంటుంది కాబట్టి దూరం చెప్పదు, వేగమే చెప్తుంది. సెకనుకు మీటరు వేగానికి 70 హెర్ట్జ్ లెక్క. మనిషి నడకకి వంద లోపు, గంటకు 40 కి.మీ. స్కూటర్‌కి 780 దాకా వస్తుంది. అంతా వినపడే ధ్వనే, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినొచ్చు.

దాని అవుట్‌పుట్ మరీ సన్నగా ఉంటుంది, మంచి ఆప్-ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్) రెండు దశలు పెట్టు. ట్యూబ్‌లైట్ దగ్గర పెట్టకు. లోపలి అయనీకరణ మెయిన్స్‌తో పాటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, 100 హెర్ట్జ్ గుయ్‌మని వస్తుంది. అది చూసి సర్క్యూట్ పాడైందని ఊడదీయకు.

---

బ్యాక్‌లాగ్_బాబు | రాత్రి 12:13

థాంక్స్ సార్. శనివారం వెళ్తా. ఆప్-ఆంప్ ఎల్ఎం 358 సరిపోతుందా?

---

తాంబరం_రిటైర్డ్ | రాత్రి 12:15

సరిపోతుంది. నాలుగు కొను, రెండు కాల్చుకుంటావు.